రెండు వీధుల అవతల

మా బావ ఎవరింటికి వెళ్ళినా వెంటనే కూర్చునేవాడు కాదు. ముందు కుర్చీని ఒకసారి వంగి చూసేవాడు. అడుగున చెయ్యి పెట్టి పట్టీలు తడిమేవాడు, మూలల దగ్గర బొటనవేలితో నొక్కేవాడు. అప్పటికి గానీ కూర్చునేవాడు కాదు. అక్కను చేసుకుంటానని అడగడానికి మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజునా అంతే. నాన్న ఏదో మాట్లాడుతుండగానే సోఫా వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, "లోపల స్ప్రింగు ఒకటి ఒరిగిందండీ. రేపొచ్చి సరిచేసి పెడతాను," అన్నాడు. అతను వెళ్ళాక నాన్న తల పట్టుకుని, "పిల్లనడగడానికి వచ్చాడా, సోఫా బేరానికి వచ్చాడా?" అన్నాడు. అక్క తలుపు పక్కన నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మర్నాడు అన్న మాట ప్రకారం వచ్చాడు. స్ప్రింగు కుదిరింది, పెళ్ళీ కుదిరింది.

బస్సులకీ కార్లకీ సీట్లు కుట్టడం అతని పని. వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు, సీట్ల మేస్త్రి అనేవారు. దుకాణం రెండు గదులు. ముందు గదిలో అతను చెక్క చట్రాలకి గోనెపట్టా బిగించి, ఫోము పరిచి, పైన రెగ్జిన్ లాగి మేకులు కొట్టేవాడు. వెనక గదిలో అక్క పెద్ద మిషను మీద తొడుగులు కుట్టేది. పెళ్ళయిన కొత్తలో ఊరికే చూస్తూ కూర్చునేదట. "చూస్తూ కూర్చుంటే నీకూ తోచదు, నాకూ పని తెమలదు. ఈ గుడ్డ పట్టుకో," అన్నాడట బావ. అలా పట్టుకున్న గుడ్డ మరి వదల్లేదు. చివరికి కుట్టులో అతన్నే మించిపోయింది. ఆ సంగతి అతనే అందరికీ చెప్పుకునేవాడు.

నాకు అదే వీధి చివర చిన్నపిల్లల బళ్ళో ఉద్యోగం దొరికితే, దుకాణం పైన ఉన్న గదిలోనే ఉండిపోయాను. కింద సుత్తి చప్పుడూ, మిషను చప్పుడూ, మధ్యమధ్యలో రేడియో. ఆ మూడూ కలిసి వినిపిస్తుంటే నా గది నేల సన్నగా అదిరేది. ఇప్పటికీ మరీ నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో నాకు నిద్ర పట్టదు.

బావ మేకుల్ని నోట్లో పెట్టుకునేవాడు. గుప్పెడు మేకులు బుగ్గన వేసుకుని, నాలుకతో ఒక్కొక్కటీ పెదాల మీదకి తెచ్చి, సుత్తి కొసన ఉన్న అయస్కాంతానికి అందించేవాడు. టక్ మని కొట్టేవాడు. చూస్తుంటే కళ్ళు తిప్పుకోలేం. అలా నోటినిండా మేకులున్నప్పుడే నేను కావాలని పలకరించేదాన్ని.

"బావా, అక్క మంచిదా, నేను మంచిదాన్నా?"

"మ్మ్."

"మ్మ్ అంటే ఎవరు?"

"మ్మ్మ్మ్." సుత్తితో లోపలి గది వైపు చూపించేవాడు.

"నోట్లో మేకులున్నా అబద్ధమాడటం మానవు!" అనేదాన్ని. లోపల మిషను ఆగేది. అక్క నవ్వు వినిపించేది. మళ్ళీ మిషను మొదలయ్యేది.

కొత్త సీటు పూర్తయితే ముందు అక్క కూర్చోవాలి. అది అతని నియమం. "యజమానురాలు రావాలి," అని కేకేసేవాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, కూర్చుని, అటూ ఇటూ కదిలి, "ఎడమపక్క కొంచెం పల్లంగా ఉంది," అంటే, మారు మాట్లాడకుండా మేకులన్నీ ఊడబెరికేవాడు.

ఆ రోజులు అలాగే సాగి ఉంటే ఇది చెప్పాల్సిన పనే ఉండేది కాదు.

బావ తాగుడుకి పెద్ద కారణమంటూ ఏమీ లేదు. చాలామంది ఏదో దుఃఖం కోసం వెతుకుతారు, నేనూ వెతికాను, దొరకలేదు. ఊళ్ళో బస్సుల డిపో వాళ్ళు సీట్లన్నీ మార్చే పని అతనికి అప్పజెప్పారు. అంత పెద్ద పని చేతికి రావడం అదే మొదలు. రోజంతా జిగురు వాసన, సాయంత్రానికి తలపోటు. డిపోలో మెకానిక్కులు పని దిగాక ఓ గ్లాసు అందించేవారు. తలపోటు తగ్గేది. ఆ పని అయిపోయింది గానీ గ్లాసు అయిపోలేదు. మొదట సాయంత్రాలే. తర్వాత భోజనానికి ముందు. ఆ తర్వాత, మేం గమనించేసరికి, పొద్దున్నే.

అక్క కనిపెట్టింది వాసన పట్టి కాదు. ఒకరోజు నా గదికి వచ్చి, మంచం మీద కూర్చుని, "ఆయన మేకులు నోట్లో పెట్టుకోవడం మానేశారే," అంది.

కిందికెళ్ళి చూశాను. నిజమే. మేకుల్ని ఒక రేకు మూతలో పోసుకుని, ఒక్కొక్కటీ వేళ్ళతో ఏరుకుంటున్నాడు. పెదాలు వణుకుతున్నాయి. అలాంటి పెదాల మధ్య మేకులు నిలవవు. నేను చూస్తున్నానని తెలిసి, "పళ్ళు అరిగిపోతున్నాయి టీచరమ్మా, వయసొచ్చింది," అన్నాడు. అప్పటికి అతనికి నలభై కూడా లేవు.

తర్వాత వచ్చింది క్షౌరశాల కుర్చీ గొడవ.

మా వీధి మంగలి తన గుండ్రంగా తిరిగే కుర్చీకి కొత్త సీటు వేయించుకున్నాడు. కొన్నాళ్ళకి ఆ సీటు విప్పి, భుజాన వేసుకుని తెచ్చాడు. బావ ఊళ్ళోకి వెళ్ళాడు, అక్క ఒక్కతే ఉంది. నేను బడి నుంచి అప్పుడే వచ్చాను.

"కూర్చున్నవాళ్ళందరూ గుచ్చుకుంటోందంటున్నారమ్మా. గడ్డం గీస్తుంటే కదులుతున్నారు. కత్తి చేతిలో ఉండగా అలా కదిలితే నా గతేం కావాలి, వాళ్ళ గతేం కావాలి?" అన్నాడు నవ్వుతూనే.

"ఫోము ముద్దకట్టి ఉంటుంది," అంటూ అక్క బ్లేడుతో కుట్టు విప్పింది. ఫోము ఎత్తింది. మధ్యలో గుంటలా కోసి, అందులో ఒక పొట్టి సీసా. సగం వరకూ ఉంది. దాచుకుని, దాచిన సంగతి మర్చిపోయి, పైన తొడుగు లాగి బిగించేశాడు బావ. ఆ తొడుగు కుట్టింది అక్కే.

ముగ్గురం ఆ సీసాని చూస్తూ నిలబడ్డాం. మంగలి ముందు తేరుకుని, గోడకున్న అద్దం వైపు తిరిగి, లేని జుట్టు సవరించుకుంటూ, "నేనేం చూళ్ళేదమ్మా. రేపొచ్చి పట్టుకెళ్తాలే," అని వెళ్ళిపోయాడు. అతను నిజంగానే ఎవరితోనూ అనలేదని తర్వాత తెలిసింది. కానీ అక్కకి ఆ క్షణం తల కొట్టేసినట్టయింది. సీసా తీసుకెళ్ళి పెరట్లో పారబోసి, వచ్చి అదే బల్ల ముందు కూర్చుని, ఆ సీటుకి కొత్త ఫోము పెట్టి మళ్ళీ కుట్టింది. పని పూర్తయ్యాక, "ఎక్కడో అక్కడ దీనికి వైద్యం ఉండే ఉంటుంది. వెతుకుదాం," అంది. దారం తెంపుతూ, "ఈ ఊళ్ళో మాత్రం వద్దు," అంది.

అక్కడే మా తిప్పలు మొదలయ్యాయి. ఊళ్ళో అడిగితే నలుగురి నోళ్ళలో పడతాం. అడక్కపోతే తెలిసే దారి లేదు. ఆఖరికి బస్‌స్టాండు గోడ మీద తాగుడు మాన్పిస్తామని అంటించిన ఒక ప్రకటన చూసి, సెలవురోజున ఇద్దరం వేరే ఊరు బయల్దేరాం. బావకి మాత్రం రెగ్జిన్ రంగులు చూసొస్తామని చెప్పాం.

ఊరి బయట పెద్ద ఇల్లు. మనిషి ఎత్తుకి మించిన గోడలు, గోడల మీద గాజు పెంకులు. లోపల వాకిట్లో కొందరు మగవాళ్ళు వరసగా ఎండలో కూర్చుని ఉన్నారు. గేటు చప్పుడైనా ఒక్కరూ తలెత్తి చూడలేదు. చిన్నపిల్లలతో పనిచేసేదాన్ని కదా, తలుపు చప్పుడుకి తల తిప్పని గదంటే నాకు భయం. మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు: సంతకం పెట్టి వదిలి వెళ్ళిపోవాలి. తాము పిలిచేదాకా రాకూడదు. ఫోను లేదు, ఉత్తరం లేదు.

"లోపల ఏం వైద్యం చేస్తారండీ?" అడిగింది అక్క.

"భయం," అన్నాడతను. "తాగుబోతుకి దాన్ని మించిన మందు లేదమ్మా."

"డాక్టరుగారెవరైనా ఉన్నారా?"

"భయానికి డాక్టరెందుకు?"

అక్క లేచి నిలబడింది. "మా ఆయన ఇప్పటికే భయపడుతున్నాడండీ. ఇంకా కొత్తగా కొనుక్కోనక్కర్లేదు," అని బయటికి నడిచింది. నేను వెనకాలే పరుగెత్తాను.

తిరిగి వచ్చే బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. అక్క వేళ్ళు ముందు సీటు వీపు మీద కుట్టు వెంబడి మెల్లగా నడుస్తున్నాయి. ఉన్నట్టుండి, "ఇది నా కుట్టే," అంది. చూశాను. డిపో పని రోజుల్లోది. పైన కుడి మూల గుడ్డ చాలక చిన్న ముక్క అతికిన చోటు ఆవిడ గుర్తుపట్టింది. "ఎంత శుభ్రంగా బిగించారో చూడు ఆయన. ఇన్నేళ్ళయినా ముడత పడలేదు." అప్పుడు ఏడ్చింది. బస్సులో పక్కవాళ్ళు చూస్తున్నా పట్టించుకోలేదు.

ఇక మిగిలింది పొడి. తాగేవాడికి తెలియకుండా టీలో కలిపి ఇస్తే తాగుడు మీద విరక్తి పుడుతుందని ఎవరో చెప్పారు. తను వెళ్తే గుర్తుపడతారని అక్క నన్ను పంపింది. మా వీధి మలుపులో మందుల షాపుంది. షాపాయన బక్కగా, పొడుగ్గా, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని ఉండేవాడు. జనం లేని వేళ చూసుకుని వెళ్ళాను.

"మందు మానడానికి మందు కావాలండీ," అన్నాను గొంతు తగ్గించి.

"మీ బావకేనా?"

నేను వెనక్కి తిరిగి వీధి వైపు చూశాను.

"టీచరమ్మా, మేస్త్రి సంగతి ఈ వీధిలో పసిపిల్లాడిక్కూడా తెలుసు. తెలియనిదల్లా మీకే, మాకు తెలుసని." కళ్ళజోడు కిందికి దించి నా వైపు చూశాడు. "ఆ పొడి నేనమ్మను. అందులో ఏం కలుపుతారో దేవుడికే తెలియాలి. కొన్నిటి మీద తాగితే ప్రాణం మీదకొస్తుంది. డాక్టరు చూసి, మనిషికి చెప్పి ఇవ్వాల్సిన మందులవి. దొంగతనంగా పోసేవి కావు."

"మరెక్కడికి తీసుకెళ్ళమంటారు?"

"ఎక్కడికో ఎందుకు? రెండు వీధుల అవతల గొడుగుల దుకాణం లేదూ, దాని మేడ మీద. బోర్డు చిన్నది, కనబడదు. డాక్టరమ్మ ఒకావిడ ఉంటుంది. సాయంత్రాలు మానేసినవాళ్ళూ, మానాలనుకునేవాళ్ళూ కూడి మాట్లాడుకుంటారు. మందుల చీటీలు నా దగ్గరికే వస్తాయి, అందుకని తెలుసు. హస్తవాసి మంచిది."

నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. వెనక గదిలోకి పరుగున వెళ్ళి చెప్పాను. అక్క మాత్రం తల అడ్డంగా ఊపింది.

"గొడుగుల దుకాణం ఎదురుగా టీ కొట్టుంది. పక్కన కూరగాయల బళ్ళు. ఆయన ఆ మెట్లెక్కుతుంటే చూడనివాళ్ళెవరు?"

"అందరికీ తెలుసట అక్కా."

"తెలియడం వేరు, చూడటం వేరు."

మేం లోపల అనుకుంటున్నామే గానీ, ముందు గదిలో సుత్తి ఆగిన సంగతి గమనించలేదు. బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "నన్ను ఏ మేడా ఎక్కించక్కర్లేదు. నా అంతట నేనే మానేస్తాను. రేపటినుంచి చుక్క ముట్టను," అన్నాడు. అక్క అతని చెయ్యి పట్టుకుంది. నేనూ సంతోషపడ్డాను. అలా ఒక్కసారిగా మానేయడం ఎంత ప్రమాదమో మాకెవరికీ తెలియదు.

మాట మీద నిలబడ్డాడు. మొదటి రోజు ఒళ్ళంతా చెమటలు. అన్నం సయించలేదు. తర్వాత రోజుకి ఫోములో చీమలు పాకుతున్నాయని దులపడం మొదలుపెట్టాడు. ఒక్క చీమ కూడా లేదు. ఆ మర్నాడు పొద్దున నేను బడికి బయల్దేరుతున్నాను. అతను రెగ్జిన్ కత్తిరిస్తూ కత్తిరిస్తూ కత్తెర వదిలేశాడు. కళ్ళు పైకి పోయాయి. చెట్టు కూలినట్టు పడి, కాళ్ళూ చేతులూ కొట్టుకోసాగాడు. అక్క పెట్టిన కేకకి వీధంతా ఉలిక్కిపడింది.

ముందు వచ్చింది మంగలి, ఆ వెనకే మందుల షాపాయన. "నోట్లో ఏం పెట్టకండి! పక్కకి తిప్పండి!" అని షాపాయన అరుస్తూ, బావని ఒక పక్కకి ఒత్తిగిలించి, తల కింద ఫోము ముక్క పెట్టాడు. కాసేపటికి కొట్టుకోవడం ఆగింది. ఊపిరి గట్టిగా ఆడుతోంది గానీ పిలిస్తే పలకడం లేదు.

"పెద్దాసుపత్రి బండికి ఫోన్ చేస్తున్నారు, రావడానికి టైం పడుతుంది. ఈలోపు డాక్టరమ్మ దగ్గరికి చేరుద్దాం," అన్నాడు షాపాయన. దేనిమీద? గోడకి ఆనించి పొడుగాటి బస్సు సీటొకటి ఉంది, ముందురోజే పూర్తయింది. అంత వణుకులోనూ కుట్టిన సీటది. దాన్ని నేల మీద పరిచి బావని పడుకోబెట్టారు. ఒక కొస మంగలీ, టీలివ్వడానికి అటు వచ్చిన టీ కొట్టు మనిషీ. రెండో కొస షాపాయనా, దారిన పోతూ ఆగిన ఎవరో.

అలా మా బావని పట్టపగలు, నడివీధిలో, అతను కుట్టిన సీటు మీదే మోసుకుపోయారు. అక్క అతని చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని పక్కన నడిచింది. ఎందుకు పట్టుకుందో ఆవిడకీ తెలియదు. ఇన్నాళ్ళూ ఎవరు చూస్తారోనని ఏ వీధికి భయపడిందో ఆ వీధి మొత్తం చూసింది. కూరగాయల బళ్ళవాళ్ళు బళ్ళు పక్కకి లాగి దారిచ్చారు. ఒకాయన తన స్కూటరు మలుపులో అడ్డం పెట్టి వచ్చే బండ్లని ఆపాడు. నా బడిపిల్లలు కొందరు గోడ వారగా నిలబడి, "నమస్తే టీచర్," అన్నారు, ఎప్పటిలాగే. నవ్విన మొహం ఒక్కటీ నాకు కనబడలేదు. ఒకవేళ నవ్వారేమో, చూసే స్థితిలో మేం లేం.

డాక్టరమ్మ మెట్లు దిగి వచ్చింది. నెరిసిన జుట్టు, కాళ్ళకి గుడ్డ బూట్లు. అక్కడే రోడ్డు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బావని పరీక్ష చేసింది, ఇంజక్షన్ ఇచ్చింది. బండి రాగానే తనూ ఎక్కి పెద్దాసుపత్రి దాకా వచ్చింది. ఆ సాయంత్రం వార్డు బయట అక్కని కూర్చోబెట్టి చెప్పింది.

"ఒంటికి అలవాటైపోయాక ఉన్నపళంగా ఆపితే ఇలాగే ఎదురుతిరుగుతుందమ్మా. మందులిస్తూ, కనిపెట్టుకుని ఉంటూ ఆపాలి. ఆయన మానేయాలనుకోవడం మంచిదే. ఒక్కడే మానేయాలనుకున్నాడు చూడండి, అది ప్రమాదం."

అక్క చేతుల్లో ఉన్న చెప్పులు పక్కన పెట్టింది. "ఒకటడగనా అమ్మా? సిగ్గు లేకే తాగుతారంటారు. ఆయనకి సిగ్గు లేదా?"

"నా దగ్గరికొచ్చేవాళ్ళలో సిగ్గు ఎక్కువై తాగేవాళ్ళే ఎక్కువ," అంది డాక్టరమ్మ. "అది జబ్బు. ఇంట్లో ఇంకే జబ్బొస్తే ఏం చేసేవారో అదే చెయ్యండి."

ఆసుపత్రి నుంచి వచ్చాక బావ సాయంత్రాలు గొడుగుల దుకాణం మెట్లెక్కడం మొదలుపెట్టాడు. దూరపు ఊరై ఉంటే ఒకసారి వెళ్ళి వచ్చి, అంతటితో సరి అనుకునేవాడు. రెండు వీధులే కాబట్టి వంక దొరకలేదు. "వానొస్తోంది," అంటే, "గొడుగుల దుకాణానికే కదా వెళ్ళేది!" అనేది అక్క.

పైన ఒక పెద్ద గది, గుండ్రంగా వేసిన కుర్చీలు. అందర్నీ ఒక దారిలో పెట్టేది ఒక ముసలి పోస్టుమాన్. తనూ ఒకప్పుడు తాగి, ఉత్తరాల సంచీ పోగొట్టుకున్నవాడే. బావ చాలా రోజులు అక్కడ నోరు విప్పలేదట. వంతు వచ్చినప్పుడల్లా తల వంచుకునేవాడట. ఒకరోజు పోస్టుమాన్, "ఇవాళైనా ఏమన్నా అంటావా మేస్త్రీ?" అని అడిగితే, బావ గొంతు సవరించుకుని, "ఈ కుర్చీలు ఎవరు కుట్టారండీ?" అన్నాడట.

"ఎందుకు?"

"ఇంత అన్యాయంగా ఎక్కడా చూళ్ళేదు. నేను ఇన్నాళ్ళూ ఏం విన్నానో నాకే తెలియదు. కింద మేకు గుచ్చుకుంటోంది."

గదంతా గొల్లున నవ్వింది. డాక్టరమ్మ కూడా కళ్ళు తుడుచుకుందట. పోస్టుమాన్ మాత్రం నవ్వు ఆపుకుని, "కుర్చీ సంగతి రేపు చూద్దాం. మేకు గుచ్చుకుంటున్నట్టు ఇన్నాళ్ళూ చెప్పకుండా కూర్చున్నావు చూడు, ఆ సంగతి చెప్పు," అన్నాడు. అప్పుడు విప్పాడట నోరు. మంగలి కుర్చీలో సీసా సంగతి అతనికి తెలుసు. అక్క చెప్పకపోయినా, సీటు మళ్ళీ కుట్టి ఉండటం చూసి గ్రహించాడు. అది గుండెల్లో పెట్టుకునే తిరిగాడు. ఇవన్నీ అతనే ఇంటికొచ్చి అక్కకి చెప్పాడు. నేను పైన నా గదిలో ఉన్నాను. మాటలు వినబడలేదు గానీ, చాలాసేపు ఒక గొంతే వినబడింది. తర్వాత ఇద్దరూ నవ్వడం వినబడింది.

ఆ నెలల్లో దుకాణం అక్కే నడిపింది. చట్రాలు బిగించింది, మేకులు కొట్టింది. ఒకరోజు నేను వెళ్ళేసరికి బుగ్గన మేకులు పెట్టుకుని ఉంది. "అక్కా, బావ మంచివాడా, నేను మంచిదాన్నా?" అన్నాను. సుత్తి నా మీదికే ఎత్తింది.

అంతటితో కథ సుఖంగా అయిపోయిందంటే అబద్ధం. ఏడాది తిరగబోతుండగా డిపోలో పాత మెకానిక్కుకి ఉద్యోగ విరమణ విందు. వెళ్ళనన్నవాడు, వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాడు. ఆ సాయంత్రం ఇంటికి రాలేదు. తెల్లవారాక అక్కా నేనూ వెతుకుతూ బయల్దేరాం. డిపోలో లేడు. గొడుగుల దుకాణం ఇంకా తెరవలేదు. ఆ మూసిన తలుపుల పక్కన, మేడ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు బావ. చొక్కా నలిగిపోయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంటికి రావడానికి మొహం చెల్లలేదు," అన్నాడు అక్కతో.

"ఇక్కడికి రావడానికి చెల్లిందిగా, అది చాలు," అని ఆవిడ పక్కనే అదే మెట్టు మీద కూర్చుంది. డాక్టరమ్మ వచ్చేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. ఆవిడ వచ్చి, ఇద్దర్నీ చూసి, ఏమీ అడక్కుండా తాళం తీసి, "రండి, టీ తాగుదాం," అంది. తిట్టలేదు. మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టారు. ఆ తర్వాత అతను ముట్టింది లేదు. డాక్టరమ్మ మాత్రం "ఇక ముట్టడు" అని ఎప్పుడూ అనేది కాదు. "ఇవాళ బాగున్నాడు," అనేది.

ఇంకొన్నాళ్ళకి దుకాణంలో ఒక కొత్తరకం బేరాలు మొదలయ్యాయి. ఎవరో ఒకాయన కారు సీటో, స్కూటరు సీటో తెచ్చేవాడు. బావ తిప్పి చూసి, "ఇది బాగానే ఉందే," అనేవాడు. ఆయన అటూ ఇటూ చూసి, "అయినా ఒకసారి చూడు మేస్త్రీ," అనేవాడు. బావకి అర్థమైపోయేది. సుత్తి పక్కన పెట్టి, "నడుస్తూ మాట్లాడుకుందాం రండి," అని చెప్పులేసుకునేవాడు. ఆ రెండు వీధులూ అతను తాగుడు మాట ఎత్తేవాడు కాదట. మీ కారు ఏ సంవత్సరంది, సీటు వీపు నిటారుగా ఉందా, నడుంనొప్పి వస్తోందా అని అడిగేవాడట. మెట్ల దగ్గర ఆగి, "ముందు మీరెక్కండి, నేను వెనకాలే ఉన్నాను," అనేవాడు. కొందరు మెట్లదాకా వచ్చి వెనక్కి తిరిగిపోయారు. అలాంటివాళ్ళ సీట్లు దుకాణంలో ఉండిపోయేవి. "ఉంచు, మళ్ళీ వస్తారు," అనేవాడు అక్కతో. వచ్చినవాళ్ళున్నారు, రానివాళ్ళూ ఉన్నారు.

ఒక పెద్దావిడ మాత్రం ఏ సీటూ లేకుండా వచ్చింది. కొడుకు సంగతి చెప్పి, "ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియడం లేదు బాబూ, ఎవరినడగాలన్నా ప్రాణం చచ్చిపోతోంది," అంది. అక్క మిషను మీంచి లేచొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ రోజు ఆవిడతో నడిచింది అక్క.

బావ పోయి కొన్నేళ్ళయింది. డెబ్భై దాటాక, గుండె ఆగి, మధ్యాహ్నం కునుకులోనే వెళ్ళిపోయాడు. డాక్టరమ్మ అంతకు ముందే పోయింది. ఇప్పుడా వైద్యశాల పెద్ద భవనంలోకి మారింది, అల్లంత దూరం నుంచి కనబడే బోర్డు కూడా ఉంది. అక్క కళ్ళు సరిగ్గా ఆనక మిషను ఆపేసింది. ఇద్దరం పై గదిలోనే ఉంటున్నాం. కింద వేరెవరో పుస్తకాలకి అట్టలు వేస్తున్నారు. జిగురు వాసన ఇప్పటికీ పైకి వస్తుంది.

నాకు తరచూ గుర్తొచ్చేది ఆ కష్టకాలం కాదు. ఆ తర్వాత ఒక వానాకాలపు సెలవురోజు మధ్యాహ్నం. ఒక చిన్న బస్సుకి సీట్లన్నీ పూర్తయి, ముందు గదిలో వరసగా, అచ్చం బస్సులో ఉన్నట్టే సర్ది ఉన్నాయి. బయట వాన దంచి కొడుతోంది, వీధిలో మనిషన్నవాడు లేడు. బావ అందరికన్నా ముందున్న సీట్లో కూర్చుని, రెండు చేతులూ గాల్లో పట్టుకుని, స్టీరింగు తిప్పుతున్నాడు. వెనక వరసలో అక్కా, నేనూ.

"ఎక్కడికి పోనిమ్మంటారు?" అన్నాడు వెనక్కి తిరక్కుండా.

"సముద్రం దగ్గరికి," అన్నాను నేను.

"యజమానురాలు చెప్పాలి."

అక్క కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చింది. "ఎక్కడికీ వద్దు. ఇలాగే కాసేపు పోనివ్వండి," అంది.

బావ అలాగే పోనిచ్చాడు. మలుపులొచ్చినప్పుడు ఒరిగాడు, మేమూ అతనితోపాటు ఒరిగాం.